వేడి ఎక్కడ ఆగింది?

ఏసీలో గ్యాస్ వాడకానికి అయిపోయే సరుకు కాదు అమ్మలూ. ముందు ఈ ఒక్క మాట చెవినేసుకో, మిగతా కబుర్లు తర్వాత చెప్పుకుందాం. వంటింటి సిలిండర్లో గ్యాస్ మండుతుంది కాబట్టి అయిపోతుంది. స్కూటర్లో పెట్రోలూ అంతే. ఏసీలో మనం దేన్నీ మండించడం లేదు. పోసిన గ్యాస్ రాగి గొట్టాల్లో ఇంట్లోకీ బయటికీ తిరుగుతూనే ఉంటుంది, పదేళ్ల తర్వాత తూచినా అంతే తూగాలి. నమ్మకం కుదరకపోతే మీ వంటింట్లో ఫ్రిజ్‌ని చూడు. అదీ ఇదే పద్ధతిలో నడుస్తుంది, దానికీ కంప్రెసరూ గ్యాసూ ఉన్నాయి. మీ అమ్మమ్మ ఫ్రిజ్ మీ అమ్మ పెళ్లికి ముందు కొన్నది. దానికి ఏ వేసవిలోనైనా ఎవరైనా వచ్చి గ్యాస్ పట్టడం చూశావా? మరి ఏప్రిల్ రాగానే ఏసీకి మాత్రం "గ్యాస్ అయిపోయిందండీ" ఎందుకు వినిపిస్తుంది? అడగాల్సిన ప్రశ్న అదీ.

జవాబు చెప్పాలంటే ఏసీ ఏం చేస్తుందో తెలియాలి. చాలామంది అది చల్లదనాన్ని తయారుచేసి గదిలోకి వదులుతుందనుకుంటారు. చల్లదనం అంటూ తయారుచేసే వస్తువేదీ లేదు. వానాకాలంలో ఇంట్లోకి నీళ్లొస్తే చెంబుతో తోడి గుమ్మం బయట పోస్తాం చూడు, ఏసీ వేడిని అలా తోడి బయట పోస్తుంది. ఒకవైపు నుంచి వస్తూనే ఉంటుంది, ఇది తోడుతూనే ఉంటుంది. టన్ను ఏసీ అంటే ఒక రోజంతా ఆగకుండా నడిస్తే తొమ్మిది వందల కిలోల మంచును కరిగించేంత వేడిని బయట పోయగలదని లెక్క. కిలోవాట్లలో చెప్పాలంటే మూడున్నర. మీది టన్నున్నర, అంటే 5.2 కిలోవాట్లు. పాడైందంటే ఈ తోడే దారిలో వేడి ఎక్కడో ఆగిపోయిందన్నమాట. ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ పోవడమే రిపేరు.

ఇంజెక్షన్ చేసేముందు చేతి మీద స్పిరిట్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కదా. స్పిరిట్ ఆవిరవ్వడానికి కావలసిన వేడిని నీ చర్మం నుంచే లాక్కుంటుంది. గదిలో ఉన్న ఇండోర్ కాయిల్‌లో జరిగేది ఇదే. ఈమధ్య ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 అనే గ్యాస్ మామూలు గాలి ఒత్తిడి దగ్గర సున్నా కింద 52 డిగ్రీలకే మరిగిపోతుంది. అంత చలి మనకక్కర్లేదు కాబట్టి, వాతావరణానికి పదింతల ఒత్తిడిలో ఉంచి ఐదు నుంచి పది డిగ్రీల మధ్య మరిగేలా చూస్తారు. గదిలో ముప్ఫై డిగ్రీల గాలి దాని మీదుగా పోతుంటే ఆ గాలి వేడి తాగి గ్యాస్ ఆవిరవుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కుతుంది. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే కాలుతుంది చూశావా, నొక్కిన ఆవిరి కూడా అలా వేడెక్కుతుంది. ఔట్‌డోర్ కాయిల్లో అది యాభై, అరవై డిగ్రీల దగ్గర మళ్లీ ద్రవమై, తాగిన వేడినంతా బయటి గాలికి కక్కేస్తుంది. రెంటచింతలలో మే నెలలో బయట 45 ఉందనుకో, ఔట్‌డోర్ కాయిల్ అంతకంటే వేడిగా ఉంటే తప్ప వేడి బయటికి పోదు. అక్కడ ఒత్తిడి వాతావరణానికి ముప్ఫై ఐదింతల దాకా పోతుంది. ఏసీకి కష్టమైన చోటు గదిలో లేదు, బయట ఉంది. ఇది గుర్తుపెట్టుకో.

సరే, ఇక నీ ఏసీ సంగతి. చల్లబడట్లేదన్నావు. ముందుగా అది నిజమో కాదో తేలాలి. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది 35 కింద ఏమీ చూపించదు. గది ఉష్ణోగ్రత చూసే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చుకో. ఏసీని 18కి పెట్టి, ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి, తలుపులు మూసి ఒక పావుగంట ఆగు. తర్వాత పైన గాలి లోపలికి పీల్చుకునే చోట ఒకసారి, కింద గాలి వదిలే చోట ఒకసారి చూడు. ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తోంది. మూడు నాలుగే ఉంటే ఎక్కడో అడ్డు ఉంది. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడేకొద్దీ అది తనంతట తానే నెమ్మదిస్తుంది, అప్పుడు కొలిస్తే తేడా తక్కువే కనిపిస్తుంది. అందుకే 18 అన్నాను, ఆ పావుగంట కోసమే. మామూలుగా 24 చాలు. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గరే మొదలవ్వాలని నిబంధన కూడా ఉంది.

తేడా బాగానే ఉండి గది మాత్రం చల్లబడకపోతే తప్పు ఏసీది కాదు. మీది పైఅంతస్తు. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పదింటి దాకా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. పడమటి గోడా అంతే. రిమోట్ మీద 16 నొక్కినంత మాత్రాన వేగంగా చల్లబడిపోదు. పాతకాలపు మామూలు కంప్రెసర్‌కి ఉన్నది ఒకటే వేగం, నువ్వు 16 అన్నా 24 అన్నా అది తోడేది అంతే. రిమోట్ అంటే గుర్తొచ్చింది, మెకానిక్‌ని పిలిచే ముందు దాని మీద మంచుపువ్వు బొమ్మ ఉందో లేదో చూసుకో. పిల్లలు ఆడుతూ ఫ్యాన్ మోడ్‌లో పెట్టేస్తారు, పెద్దలు ఊరంతా ఫోన్లు చేస్తారు. రిమోట్ పనిచేస్తోందో లేదో తెలియకపోతే దాని మూతి ముందు ఫోన్ కెమెరా పెట్టి బటన్ నొక్కు. మన కంటికి కనిపించని పరారుణ కాంతి కెమెరాలో మినుకుమినుకుమంటుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకి కనిపించదు, సెల్ఫీ కెమెరాతో చూడు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి పైసా ఖర్చులేదు. ఏసీ అరగంట నడిచాక ఆపేసి, స్విచ్చూ ఎంసీబీ కూడా దించేసి, ముందు మూత పైకెత్తి ఫిల్టర్లు తీసెయ్. లోపల అల్యూమినియం రేకులు పలచగా, దగ్గర దగ్గరగా వరుసల్లో కనిపిస్తాయి. అదే కాయిల్. టార్చి వేసి చూడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అంతా తడిగా, నీటిచుక్కలతో మెరుస్తుంటే గ్యాస్ సరిపడా ఉన్నట్టే. అంతా మంచు కప్పేసి ఉంటే గాలి ఆడటం లేదన్నమాట. ఒక మూల మాత్రం మంచు పట్టి, మిగతాదంతా పొడిపొడిగా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. ఎందుకో చెబుతాను. గ్యాస్ తక్కువైతే కాయిల్లో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి పడితే అది మరిగే ఉష్ణోగ్రత సున్నా కిందకి దిగుతుంది. ఉన్న కాస్తా కాయిల్ మొదట్లోనే మరిగిపోయి అక్కడ మంచు కట్టిస్తుంది, మిగతా కాయిల్‌కి మరగడానికి ఏమీ మిగలదు. ఔట్‌డోర్ దగ్గర చూస్తే సన్న పైపు మీద కూడా ఆ మంచు కనిపిస్తుంది. ఒట్టి టార్చి లైటుతో ఇంత తెలిసిపోతుంది.

అంతా మంచే ఉన్నా, గాలి నీరసంగా వస్తున్నా, చూడాల్సింది నీ చేతిలో ఉన్న ఫిల్టర్. మన ఇళ్లలో ఆ జల్లెడకి ఏం పడుతుందో చూడాలి తల్లీ. తాలింపు పొగ, అగరొత్తుల మసి, పౌడరు, దుప్పట్ల నూగు, వీధి దుమ్ము అన్నీ కలిసి బూడిదరంగు పొర కడుతుంది. గోరుతో అంచు లేపితే ఒక్క ముక్కగా ఊడివస్తుంది. గాలి ఆ పొర దాటి పోలేక, కాయిల్‌కి తాగడానికి వేడి అందక, దాని చలి సున్నా కిందకి పోయి మంచు కడుతుంది. మంచు కట్టాక గాలి ఇంకా ఆగిపోతుంది, ఆగినకొద్దీ మంచు ఇంకా పెరుగుతుంది. ఫిల్టర్‌ని వెనకవైపు నుంచి కుళాయి ధార కింద పెట్టు, ముందువైపు నుంచి కొడితే దుమ్ము రంధ్రాల్లోకి ఇంకా దిగుతుంది. నీడలో ఆరెయ్, ఎండలో పెడితే చట్రం వంకర్లు పోతుంది. వేసవిలో రెండు వారాలకోసారి కడిగితే చాలు. మంచు మాత్రం దానంతటది కరగాల్సిందే. ఫ్యాన్ మోడ్‌లో రెండు మూడు గంటలు వదిలెయ్. చాకుతో గీకావంటే ఆ రేకుల వెనక రాగి గొట్టానికి చిల్లు పడుతుంది, అప్పుడు గ్యాస్ నిజంగానే పోతుంది.

ఫిల్టర్ తళతళలాడుతున్నా గాలి రావట్లేదంటే బ్లోయర్ చూడాలి. స్విచ్ దించే ఉంది కదా, గాలి వచ్చే సందులోంచి టార్చి వెయ్యి. లోపల పొడుగ్గా రోలర్ లాంటి చక్రం, దాని నిండా సన్న రెక్కలు ఉంటాయి. ఆ రెక్కల లోపల నల్లటి బంక పేరుకుంటే చక్రం తిరుగుతుంది గానీ గాలిని తోయలేదు. ఏసీ వెయ్యగానే వచ్చే ముక్కవాసన కూడా ఈ తడి బంకదే. ఇది కుళాయి కింద కడిగేది కాదు, జెట్ వాష్ పని. కింద పెద్ద కవరు కట్టి, సర్క్యూట్ బోర్డు ఉన్న వైపు తడవకుండా కప్పి చెయ్యమను.

గదిలో నీళ్లు కారడం ఇంకో గోల. భయపడక్కర్లేదు, ఆ నీళ్లు గదిలోని గాలివే. కోస్తాలో ఉక్కపోత రోజున టన్నున్నర ఏసీ గంటకి లీటరు, రెండు లీటర్ల నీళ్లు పిండేస్తుంది. ఇక్కడో చిన్న లెక్క ఉంది. లీటరు నీటి ఆవిరిని నీరు చెయ్యాలంటే దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడి తియ్యాలి. గంటకి రెండు లీటర్లంటే సుమారు 1.36 కిలోవాట్లు. అంటే నీ 5.2 కిలోవాట్లలో పావువంతు గాలిని చల్లబరచడానికి కాక, ఒట్టి తేమ పిండటానికే పోతోంది. విశాఖలో థర్మామీటర్ తేడా కర్నూలు కంటే తక్కువ చూపించినా యంత్రానిది తప్పు కాదన్నది ఇందుకే. అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకి వేసవి తేమతో కాగితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు ఆ కాగితం కోసం గాలిలో తేమను అదుపుచేసే యంత్రం కట్టాడు. మనుషులకి హాయి తర్వాత సంగతి.

ఆ పిండిన నీళ్లు ట్రేలో పడి, డ్రెయిన్ పైపు గుండా ఒట్టి వాలు మీద బయటికి పోవాలి. ట్రేలో నాచు, జిగురు పట్టి పైపు మూసుకుంటే గోడ మీద కారతాయి. ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా ట్రేలో పోసి బయట పైపు చివర చూడు. వెంటనే రావాలి. రాకపోతే అడ్డం ఉంది, మెకానిక్ దగ్గరున్న పంపుతో ఒక్కసారి ఊదితే పోతుంది. బయట పైపు చివర బకెట్లో పెట్టి నీళ్లు పట్టుకునే పొదుపరులు ఉన్నారు, మంచిదే, మొక్కలకి బాగుంటాయి. కానీ పైపు కొస ఆ నీటిలో మునగకూడదు. మునిగితే పైపులో గాలి చిక్కుకుని నీళ్లు వెనక్కి తంతాయి. నల్ల స్పాంజి తొడుగు ఎలుకలు కొరికేసిన చోట రాగిపైపుకి చెమటపట్టి కారడమూ ఉంది. దాన్ని చూసి లీకని కంగారుపడొద్దు, కొత్త తొడుగు చుడితే సరిపోతుంది.

ఇక బయటికి వెళ్దాం. ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతుంటే దాని గాలికి అరచెయ్యి అడ్డుపెట్టు. బయటి ఎండ కంటే బాగా వేడిగా తగలాలి, అది నీ గదిలోంచి తోడిన వేడే. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి మామూలుగానే ఉంటే కంప్రెసర్ నడవట్లేదు. కరెంటు పోయి అప్పుడే వచ్చి ఉంటే మూడు నిమిషాలు ఆగు, లోపలి ఒత్తిళ్లు సర్దుకునేదాకా యంత్రమే ఆగుతుంది. ఆ తర్వాత చెవిపెట్టి విను. "గూం" అని మూలిగి, కొన్ని క్షణాలకి "టక్" మని ఆగి, కాసేపటికి మళ్లీ అదే మూలుగు వస్తుంటే మామూలు ఏసీలో చాలాసార్లు అది కెపాసిటర్. వెండిరంగు డబ్బా, చెంబంత ఉంటుంది. పాడైతే పై మూత ఉబ్బుతుంది. కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టడానికి కావలసిన తోపు ఇచ్చేది అదే. కొన్ని వందల రూపాయల సామాను. దీనికి కంప్రెసరే పోయిందని చెప్పి ఏసీనే మార్పించినవాళ్లున్నారు. కానీ అమ్మలూ, నువ్వు మాత్రం ఆ మూత విప్పకు. కరెంటు తీసేసినా కెపాసిటర్లో చార్జి మిగిలి ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ బోర్డు మీద వాటిలో మూడొందల వోల్టులు దాటి కొన్ని నిమిషాల పాటు నిలిచి ఉంటుంది. ఇక్కడ నేను మొహమాటం లేకుండా మెకానిక్‌ని పిలవమంటాను.

ఇన్వర్టర్ ఏసీ ఉన్నట్టుండి ఆగి, తెర మీద ఏదో అక్షరం, అంకె చూపిస్తే ఆ కోడ్ రాసుకో. పుస్తకంలో అర్థం ఉంటుంది. మన ఊళ్లలో మాత్రం చాలాసార్లు ఆ కోడ్ వెనక ఉండేది బల్లి. ఔట్‌డోర్ డబ్బాలో వెచ్చగా ఉంటుందని వైర్లు పోయే కన్నంలోంచి దూరి, బోర్డు మీద రెండు కొసల మధ్య అడ్డంగా పడుతుంది. అది ఎండి అతుక్కుపోయి ఉంటుంది, దాని కింద రాగి గీత మాడి నల్లగా ఉంటుంది. బోర్డు ఖరీదు వింటే గుండె ఆగుతుంది. ఏసీ బిగించిన రోజునే ఆ కన్నాన్ని పుట్టీతోనో సన్న జాలీతోనో మూయించమని ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను.

ఔట్‌డోర్ రేకుల్లో దుమ్ము, పావురాల ఈకలు ఇరుక్కున్నా వేడి బయటపడదు. ఇంకో కొత్త జబ్బు ఏమిటంటే, బయటికి కనిపించకూడదని దాన్ని ఇరుకు డక్ట్‌లోనో జాలీ వెనకో పెట్టడం. కక్కిన వేడిగాలే మళ్లీ పీల్చుకుంటుంది. అందం కోసం ఆర్కిటెక్టులు గీసిన గీతకి కరెంటు బిల్లు నువ్వు కడతావు.

ఇవన్నీ చూసి, కాయిల్లో ఒక మూలే మంచు, మిగతాదంతా పొడి అని తేలితే, అప్పుడు గ్యాస్ మాట ఎత్తుదాం. ఫ్రిజ్‌లో గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే అతికేసి పంపిస్తారు. స్ప్లిట్ ఏసీకి నాలుగు చివర్ల అతుకు మన ఇంట్లోనే, ఎవరో నిచ్చెన మీద నిలబడి చేస్తారు. రాగిగొట్టం చివర వెడల్పు చేసి నట్టు బిగించడమే ఆ అతుకు. అది కాస్త వంకరగా సాగినా, నట్టు వదులైనా, మరీ బిగించి పగిలినా చుక్కచుక్కగా పోతుంది. ఫ్రిజ్‌కి లేని రోగం ఏసీకి వచ్చేది అక్కడే. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా కాస్త బయటపడుతుంది కాబట్టి ఆ నట్టు దగ్గర దుమ్ముపట్టిన నూనెమరక కనిపిస్తుంది. సబ్బునురగ రాస్తే బుడగలు లేస్తాయి. సముద్రపుగాలి, మురుగుకాలవ వాయువులు తగిలే ఇళ్లలో కాయిల్‌నే తినేసి సూదిమొన చిల్లులు పడటమూ ఉంది, అది దొరకడం కష్టం.

లీకు మూయకుండా గ్యాస్ నింపడం ఏటా ఒక ఖర్చు. మెకానిక్‌లనే అనను. మే నెల ఎండలో మూడో అంతస్తు పిట్టగోడ అవతల వేలాడుతూ పనిచేసేవాడితో సర్వీసింగ్ చార్జీకి గీచిగీచి బేరమాడతాం, గ్యాస్ అంటే మారుమాట్లాడకుండా వేలు తీసి ఇస్తాం. వాళ్లకి ఆ మాట అలవాటు చేసింది మనమే. కాబట్టి పద్ధతి అడుగు. ముందు నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడాలి. తర్వాత వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలి, తేమ లాగెయ్యాలి, ఐదు నిమిషాలు కాదు, అరగంటైనా. అప్పుడు సిలిండర్‌ని కాటా మీద పెట్టి, ఔట్‌డోర్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో అన్నే పోయాలి. గేజి చూసి అందాజుగా పోస్తే ఎక్కువైనా తక్కువైనా చల్లదనం తగ్గుతుంది. స్టిక్కర్ మీద ఏ గ్యాస్ పేరుంటే అదే పొయ్యాలి, పాత ఆర్-22 ఏసీలో ఇంకోటి కలపకూడదు. ఆర్-32కి కాస్త మండే గుణం ఉంది, ఆర్-290 అంటే ప్రొపేన్, అంటే వంటగ్యాస్‌లో ఉండే సరుకే. ఆ పని జరుగుతున్నంతసేపూ దగ్గర్లో దీపం, సిగరెట్ ఉండకూడదు, కిటికీలు తీసి ఉంచు.

పని అయ్యాక తేదీ, ఎక్కడ లీకు మూశారు, ఎన్ని గ్రాములు పట్టింది, ఈ మూడూ మార్కర్‌తో ఔట్‌డోర్ పక్క రేకు మీద రాయించు. వచ్చే ఏడు ఎవరైనా గ్యాస్ అయిపోయిందంటే గేజి తగిలించకముందే అది చదవమను.